అడుగుకి విలువ కట్టిన నిబంధన

ఆరోగ్య బీమా పాలసీ కొన్నవాళ్లలో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు తక్కువ. చదివినా గది అద్దె ఎంతవరకు ఇస్తారు, ఏ జబ్బుకి ఎన్నాళ్లు ఆగాలి, ఏ ఆసుపత్రిలో క్యాష్‌లెస్ ఉంది అన్న మూడు విషయాల దగ్గరే కళ్లు ఆగుతాయి. అవి అవసరమే. కానీ ఈమధ్య వస్తున్న చాలా పాలసీల్లో, లోపలెక్కడో, ‘వెల్‌నెస్’ అనో ‘ఫిట్‌నెస్ రివార్డులు’ అనో పేరుతో ఒకటి రెండు పేజీలు ఉంటున్నాయి. రోజుకి ఎంత నడిస్తే, నెలలో ఎన్ని రోజులు కసరత్తు చేస్తే, వచ్చే ఏడాది ప్రీమియంలో ఎంత కలిసొస్తుందో చెప్పే పేజీలవి. ఏజెంటు వాటిని కొసరుగా చెబుతాడు, కొనేవాళ్లు కొసరుగానే వింటారు. నిజానికి పాలసీ మొత్తంలో ఎక్కువ ఆలోచన, ఎక్కువ నేర్పు పట్టిన భాగం అదే. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించడానికే ఈ వ్యాసం.

చూడటానికి హైదరాబాద్‌లో కోఠి, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతమే సరైన చోటు. దేశంలో ప్రతి బీమా కంపెనీకీ హద్దులు గీసే నియంత్రణ సంస్థ, ఐఆర్‌డీఏఐ, నానక్‌రామ్‌గూడకి తరలిపోకముందు చాలా ఏళ్లు బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లోనే ఉండేది. నారాయణగూడ చౌరస్తా నుంచి అక్కడికి నడిచి వెళ్లొచ్చు. ఆరోగ్య బీమాలో జబ్బు నివారణకీ చోటుందని చెప్పిన 2016 నిబంధనలు వచ్చిన కాలానికి ఆ సంస్థ చిరునామా అదే. ఆ నిబంధనలు ఎవరిని ఉద్దేశించినవో ఆ మనుషులు కూడా ఈ వీధుల్లోనే కూర్చుని ఉన్నారు.

కుర్చీకి అంటుకున్న పేట

మనిషి ఎన్ని రకాలుగా కూర్చుండిపోగలడో చూడాలంటే ఈ రెండు మూడు కిలోమీటర్లు తిరిగితే చాలు. అశోక్‌నగర్ గల్లీల నిండా గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకుని నెలవారీ ఫీజుతో కుర్చీ అద్దెకిచ్చే స్టడీ హాళ్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే చోటు పట్టుకున్నవాళ్లు చీకటి పడేదాకా లేవరు. నోటిఫికేషన్ పడేదాకా ఒక కూర్చోవడం, పడ్డాక పరీక్ష అయ్యేదాకా ఇంకో కూర్చోవడం. ఇరవై దాటగానే వచ్చిన పిల్లలకి అదే కుర్చీలో ముప్పై దగ్గర పడుతుంది. నారాయణగూడ బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు మరో తరం. కోఠి పుస్తకాల కొట్లలో, సుల్తాన్‌బజార్ బట్టల దుకాణాల్లో గల్లాపెట్టె దగ్గర ఇంకో తరం. వీళ్లెవరూ సోమరులు కారు. అందరూ కష్టపడుతున్నవాళ్లే. కాకపోతే ఆ కష్టంలో కాళ్లకి పాలు లేదు.

ఇది ఒక్క పేట కథ కాదు. 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఒక అంచనా ప్రచురించారు. 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్లలో దాదాపు 50 శాతం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. 2000 సంవత్సరంలో ఇది 22 శాతం. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇదే తీరున పోతే 2030కి 60 శాతానికి చేరుతుందని వాళ్ల లెక్క. ప్రపంచ సగటు 31 శాతం. చాలినంత అంటే ఆ సంస్థ చెప్పే కొలత పెద్దదేమీ కాదు: వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడవటం, లేదా 75 నిమిషాలు గట్టి వ్యాయామం. పరుగు పందెం ఎవరూ అడగటం లేదు.

కదలకపోతే లోపల ఏమవుతుంది? భోంచేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాని పీల్చుకునేవి కండరాలు, అందులోనూ తొడల కండరాలు. అవి పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరని లాక్కుంటాయి. గంటల తరబడి ఊరికే ఉంటే ఆ పీల్చుకునే గుణం మందగిస్తుంది, ఇన్సులిన్ ఎంత ఊరినా చాలదు. అక్కడి నుంచి షుగరు, దాని వెనక బీపీ, దాని వెనక గుండె, కిడ్నీ. ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు, దాని గడప దగ్గర ఉన్నవాళ్లు 13 కోట్ల పైనే.

కూర్చోవడానికీ గుండెకీ ఉన్న లంకె మొదట బయటపడింది సిటీ బస్సులో. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని గమనించి లాన్సెట్‌లో రాశాడు. ఒకే బస్సు, ఒకే రూటు, ఒకే డ్యూటీ. డ్రైవరు రోజంతా సీట్లో ఉంటాడు, కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా, వచ్చినా ఆలస్యంగా, వచ్చినవాళ్లలో ప్రాణాంతకం కావడం అరుదుగా కనిపించింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పేరే బస్సుల పేరైన ఈ పేటలో ఆ పరిశోధన గుర్తుంచుకోదగింది. వ్యాయామం కోసం విడిగా సమయం దొరకని మనిషికి కూడా పని మధ్యలో ఎక్కిన మెట్లే కవచమవుతాయని అది చెప్పింది.

మంచాన్ని మాత్రమే చూసిన బీమా

ఇంత పెద్ద కారణం కళ్ల ముందు ఉన్నా మన బీమా దాన్ని చాలాకాలం చూడలేదు. 1986లో ప్రభుత్వ సాధారణ బీమా సంస్థలు తెచ్చిన మెడిక్లెయిమ్ ఆసుపత్రి మంచంతో మొదలై మంచంతోనే ముగిసేది. కనీసం 24 గంటలు అడ్మిట్ అయితే తప్ప పాలసీకి మనిషి ఉన్నట్టే తెలియదు. 1999 ఐఆర్‌డీఏ చట్టంతో ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచారు. 2006లో కేవలం ఆరోగ్య బీమా కోసమే స్టార్ హెల్త్ పుట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా భాగస్వామి ఆ కంపెనీయే. ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలని అప్పుల నుంచి కాపాడింది, అందులో రెండో మాట లేదు. కానీ అది కూడా జబ్బు ముదిరాక చేయి అందించే ఏర్పాటే. గుండెకి స్టెంటు వేయించగలదు, స్టెంటు దాకా రాకుండా ఆపడం దాని పని కాదు.

నివారణ అనే ఆలోచన మాత్రం ఈ పేటకి కొత్త కాదు. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. కుక్క కరిస్తే నగరం నలుమూలల నుంచి ఇంజెక్షన్ కోసం అక్కడికే వచ్చేవాళ్లు, తాగే నీటి పరీక్షలకీ అదే దిక్కు. రేబిస్‌కి టీకా ఉంది, కలుషితమైన నీటికి క్లోరిన్ ఉంది. కదలని ఒంటికి వేయడానికి సూది లేదు. ఆ టీకా మనిషి రోజూ తనకు తానే వేసుకోవాలి. మరి రోజూ వేసుకునేలా చేయడం ఎలా? డాక్టరు చెబితే వారం నడుస్తాం, భయపడితే నెల నడుస్తాం. ఏళ్ల తరబడి నడిపించే ఏర్పాటు కావాలి. వెల్‌నెస్ నిబంధన రాసినవాళ్లు పట్టుకున్న సమస్య అదే.

ఏడాది ఒప్పందం, ఇరవై ఏళ్ల జబ్బు

ఈ సమస్యలో అసలు ముడి లెక్కల్లో ఉంది. ఆరోగ్య బీమా సాధారణంగా ఒక్క ఏడాది ఒప్పందం. కదలకపోవడం వల్ల వచ్చే జబ్బు ముదరడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అశోక్‌నగర్‌లో ఇరవై ఐదేళ్ల కుర్రవాడిని ఈ ఏడాది నడిపించడానికి కంపెనీ డబ్బు ఖర్చు పెడితే, దాని లాభం అతనికి నలభై ఐదేళ్లు వచ్చాక తెలుస్తుంది. ఈలోగా అతను పాలసీ మానేయవచ్చు. 2011 అక్టోబరు నుంచి పోర్టబిలిటీ కూడా వచ్చింది కాబట్టి ఇంకో కంపెనీకి మారిపోవచ్చు. ఒకడు నాటిన చెట్టు నీడ ఇంకొకడికి పోతుందంటే ఎవరు నాటుతారు? నివారణ మీద ప్రైవేటు కంపెనీలు చాలాకాలం డబ్బు పెట్టకపోవడానికి కారణం దుర్బుద్ధి కాదు, ఈ లెక్కే.

ఈ ముడి విప్పింది ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు నిబంధనలు. మొదటిది 2013 నాటి ఆరోగ్య బీమా నిబంధనల్లో వచ్చింది: ఒకసారి పాలసీ ఇచ్చాక పాలసీదారు కోరినంతకాలం, జీవితాంతం, రెన్యువల్ చేయాలి. వయసు మీద పడిందనీ, గత ఏడాది క్లెయిమ్ చేశాడనీ బయటికి పంపడానికి వీల్లేదు. దాంతో కంపెనీ పరిస్థితి మారిపోయింది. ఏటేటా వదిలించుకునే దారి ఉన్నంతకాలం పాలసీదారు ఆరోగ్యం దానికి పరాయి విషయం. జీవితాంతం మోయాల్సి వచ్చాక అదే సొంత విషయమైంది. అతను రోగి అయితే ఆ ఖర్చు తనదే.

రెండోది 2016 నిబంధనలూ, వాటిని విడమరిచి చెప్పిన 2020 సెప్టెంబరు మార్గదర్శకాలూ. నివారణ కోసం పాలసీదారు చేసే పనికి పాయింట్లు ఇవ్వొచ్చు, ఆ పాయింట్లని రెన్యువల్ ప్రీమియంలో తగ్గింపుగానో, బీమా మొత్తం పెంపుగానో మార్చొచ్చు అన్నాయవి. బహుమతిని రెన్యువల్ దగ్గర పెట్టడంలోనే నేర్పంతా ఉంది. నడిచిన ఫలం చేతికి రావాలంటే అదే కంపెనీలో కొనసాగాలి. కొనసాగే మనిషి మీద ఖర్చు పెట్టడం కంపెనీకి గిట్టుబాటు. ఏడాది ఒప్పందాన్నీ ఇరవై ఏళ్ల జబ్బునీ ఒకదానికొకటి కలిపి బిగించింది ఈ ఒక్క అమరిక. చట్టం రాసే చేతికి లోకం తెలిసి ఉంటే ఎలా ఉంటుందో చూపడానికి నేను దీన్నే చూపిస్తాను.

లోపలి చెక్కడం

ఇప్పుడు నిబంధన లోపలికి వెళ్దాం. మన దేశంలో ఈ పద్ధతిని మొదట విస్తృతంగా అమలు చేసిన కంపెనీల్లో ఆదిత్య బిర్లా హెల్త్ ఇన్సూరెన్స్ ఒకటి. అది ఒక దక్షిణాఫ్రికా సంస్థ భాగస్వామ్యంతో 2016లో వ్యాపారం మొదలుపెట్టింది. దక్షిణాఫ్రికా పేరు ఊరికే రాలేదు. ఆరోగ్యకరమైన అలవాట్లకి బీమాలో పాయింట్లిచ్చే పద్ధతికి పుట్టిల్లు అదే. అక్కడ ఏడ్రియన్ గోర్ 1992లో స్థాపించిన డిస్కవరీ అనే కంపెనీ 1997లో వైటాలిటీ పేరుతో దాన్ని తెచ్చింది.

ఆదిత్య బిర్లా పాలసీల్లో కొలత ‘యాక్టివ్ డే’, అంటే చురుకైన రోజు. 10,000 అడుగులు నడిచినా, లేదా జిమ్‌లో 30 నిమిషాలు గడిపినా, లేదా ఒక విడతలో 300 కేలరీలు ఖర్చు చేసినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఈ చిన్న వాక్యంలో మూడు నేర్పులున్నాయి.

మొదటిది, కొలత రోజు కావడం. బరువు ఎంత తగ్గావు, నడుము ఎన్ని అంగుళాలు తగ్గిందన్నది కొలతగా పెట్టి ఉంటే లావుపాటి మనిషి మొదటి వారమే వదిలేసేవాడు. బరువు మన చేతిలో పూర్తిగా లేదు, వంశం, వయసు, మందులు అన్నీ దాన్ని లాగుతాయి. ఈ రోజు నడవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. ఈ కొలత ఒంటిని తూచడం లేదు, ప్రయత్నాన్ని లెక్కపెడుతోంది. నిన్న ఓడిపోయినవాడికి ఈ రోజు కొత్తగా మొదలవుతుంది.

రెండోది, ‘లేదా’ అన్న మాట. మోకాళ్లు నొప్పులున్న పెద్దాయన 10,000 అడుగులు వేయలేడు, జిమ్‌లో సైకిలు తొక్కగలడు. స్టడీ హాలు కుర్రవాడికి జిమ్ ఫీజు భారం, కాళ్లు మాత్రం ఉన్నాయి. సామాన్యుడి అడుగు సుమారు 70 సెంటీమీటర్లనుకుంటే 10,000 అడుగులంటే 7 కిలోమీటర్లు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మీదుగా సుల్తాన్‌బజార్‌కి నడిస్తే రెండున్నర, మూడు కిలోమీటర్లు వస్తుంది. పోనూ రానూ నడిస్తే రోజు కోటాలో చాలా భాగం అయిపోయినట్టే. 2020 ఫిబ్రవరి 7న మొదలైన మెట్రో మార్గంలో చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్ వరసగా మూడు స్టేషన్లు. ఒక స్టేషను ముందే దిగి మెట్లు వాడేవాళ్లకి ఆ నడక ఇంకా తేలిక.

మూడోది, మెట్లు మెట్లుగా ఇవ్వడం. నెలలో ఎన్ని చురుకైన రోజులుంటే ప్రీమియంలో అంత వాపసు. ఒకే గీత గీసి దాటితే అన్నీ, దాటకపోతే సున్నా అంటే, పదో తారీఖుకే వెనకబడ్డవాడు నెలంతా వదిలేస్తాడు. పైమెట్టు అందకపోయినా కిందిమెట్టు ఉందనుకుంటే ఇరవయ్యో తారీఖున కూడా చెప్పులేసుకుంటాడు. నడవని నెలకి జరిమానా లేదు, ఉన్న ప్రీమియం పెరగదు. వచ్చేది తగ్గుతుంది, అంతే.

దీనికి తోడు గుండె ఆరోగ్యాన్ని బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ లాంటి పరీక్షలతో అంచనా కట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు వర్గాలుగా చూపిస్తారు. ఆకుపచ్చకి వాపసు ఎక్కువ. నాకు ఇందులో నచ్చింది రంగుల కంటే, ఆ లెక్క కోసం చేయించే పరీక్షలు. తనకి షుగరుందని తెలియకుండా బతికేస్తున్నవాళ్లు మనలో ఎందరో. పాయింట్ల కోసం పరీక్ష చేయించుకున్న మనిషికి జబ్బు మొదట్లోనే దొరికితే, పాయింట్ల కంటే అదే పెద్ద లాభం. ఎరుపులో ఉన్నవాడికి కూడా నడిచినందుకు ఎంతోకొంత ఇస్తారు, తలుపు మూసేయరు.

వేరే కంపెనీలు వేరే దారిలో పోయాయి. నివా బూపా రీఅష్యూర్ పాలసీల్లో నడకని బట్టి రెన్యువల్ ప్రీమియంలో 30 శాతం వరకు తగ్గింపు ఉంది. పద్ధతులు ఎన్నైనా వాటి వెన్నెముక ఒకటే: ఒంటికంటే ముందు పనికి పాయింట్లు.

చేతికిచ్చి వెనక్కి తీసుకోవడం

డబ్బు ఆశ చూపితే మనుషులు నిజంగా నడుస్తారా అన్న ప్రశ్నకి మంచి ప్రయోగాలున్నాయి. 2016లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 281 మంది ఉద్యోగులకి రోజుకి 7,000 అడుగులు లక్ష్యంగా పెట్టారు. కొందరికి డబ్బేమీ ఇవ్వలేదు. కొందరికి లక్ష్యం చేరిన ప్రతిరోజూ 1.40 డాలర్లు ఇచ్చారు. కొందరికి లాటరీ పెట్టారు. మిగిలినవాళ్లకి నెల మొదట్లోనే 42 డాలర్లు వాళ్ల ఖాతాలో చూపించి, లక్ష్యం చేరని ప్రతిరోజుకీ 1.40 డాలర్లు తీసేశారు. లెక్క చూస్తే రెండో జట్టుకీ నాలుగో జట్టుకీ వచ్చే సొమ్ము సమానమే. కానీ లక్ష్యం చేరిన రోజుల వాటా డబ్బు లేనివాళ్లలో 30 శాతం, సంపాదించుకునేవాళ్లలో 35 శాతం, పోగొట్టుకునే భయం ఉన్నవాళ్లలో 45 శాతం. డబ్బు లేనివాళ్ల కంటే స్పష్టంగా ముందుకు పోయింది ఆ చివరి జట్టు ఒక్కటే.

వైటాలిటీ ఈ సూత్రాన్నే పెద్ద ఎత్తున వాడింది. యాపిల్ వాచీని తక్కువ సొమ్ముకి ముందే చేతికిచ్చి, తర్వాత నెలనెలా కట్టాల్సిన వాయిదాని కసరత్తుని బట్టి తగ్గించింది. బాగా కదిలితే కట్టేది సున్నా, కదలకపోతే పూర్తి వాయిదా. 2018లో ర్యాండ్ యూరప్ సంస్థ అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికాల్లో నాలుగు లక్షల మందికి పైగా పాలసీదారుల వివరాలు పరిశీలించి, ఈ పద్ధతిలో చేరినవాళ్లలో శరీర శ్రమ సగటున 34 శాతం పెరిగిందని తేల్చింది. నెలకి దాదాపు ఐదు రోజులు అదనం.

మన పాలసీ రాసేవాళ్లకి ఇందులో పాఠం ఉంది. ఏడాది చివర వచ్చే తగ్గింపు చాలా దూరంలో ఉంటుంది. అదే తగ్గింపుని యాప్‌లో ఏడాది మొదటి రోజే పూర్తిగా రాసి చూపించి, నెలనెలా ఎంత నిలిచిందో, ఎంత జారిపోయిందో కనబరిస్తే కంపెనీకి అదనంగా పైసా ఖర్చు లేదు. చేతిలో ఉన్నది పోతుందంటే మనిషి లేస్తాడు.

కట్టిన కంచె

ఇచ్చే బహుమతి ఎలాంటిదైనా ఫరవాలేదని మన నిబంధన అనలేదు. వైటాలిటీ విదేశాల్లో సినిమా టికెట్ల మీద కూడా రాయితీ ఇస్తుంది. ఇక్కడ 2020 మార్గదర్శకాలు పాయింట్లని ఆరోగ్యం చుట్టూనే తిప్పాయి: డాక్టరు దగ్గర ఓపీ సంప్రదింపు, మందులు, పరీక్షలు, పోషకాహారం, యోగా కేంద్రం, జిమ్, స్పోర్ట్స్ క్లబ్బు సభ్యత్వం, లేదంటే ప్రీమియం తగ్గింపు, బీమా మొత్తం పెంపు. క్రాస్‌రోడ్స్‌లో ఎన్ని థియేటర్లున్నా వాటి టికెట్టు ఈ జాబితాలో లేదు. నడిచి సంపాదించినది మళ్లీ ఒంటికే చేరాలన్న పట్టుదల ఇందులో ఉంది. ఏ పనికి ఎన్ని పాయింట్లో ముందే పాలసీలో, ప్రాస్పెక్టస్‌లో రాసి చూపించాలనీ చెప్పారు. ఇచ్చాక మాట మార్చడానికి వీలుండకూడదన్నది దాని ఉద్దేశం.

పన్ను చట్టంలోనూ ఇలాంటి నేర్పే ఒకటుంది. పాత పన్ను విధానంలో ఆరోగ్య బీమాకి ఇచ్చే 25,000 రూపాయల మినహాయింపులో, నివారణ పరీక్షలకి 5,000 వరకు చూపించుకోవచ్చు. ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు రాదు. పరీక్షల సొమ్ము మాత్రం నగదుగా ఇచ్చినా వస్తుంది. కోఠి వీధిలోని చిన్న ల్యాబులో నోట్లిచ్చి రక్తం తీయించుకునే మనిషి ఆ రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. దాంతో స్టడీ హాలు వయసులోనే పాలసీ తీసుకోవడం కొంత తేలికైంది. తొందరగా తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్లు ఆరోగ్యంగా ఉండగానే గడిచిపోతాయి, నడక అలవాటుకి ఏళ్లు దొరుకుతాయి.

ఇంకా చెక్కాల్సినవి

మంచి పనితనాన్ని మెచ్చుకునేవాడికి అందులో మిగిలిపోయిన గరుకు కూడా కనపడాలి. మొదటిది ఆడవాళ్ల విషయం. శ్రమ చాలనివాళ్లలో ఎక్కువమంది వాళ్లే అని పైన చూశాం. పాయింట్లకి మాత్రం జేబులో ఫోనో, చేతికి వాచీయో కావాలి. ఇంట్లో గదికీ గదికీ తిరిగే గృహిణి ఫోను వంటింటి గట్టు మీద ఉంటుంది, చీరకి జేబు లేదు. ఇంటిపనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ శరీర శ్రమగానే లెక్కిస్తుంది, పాలసీ యాప్ దాన్ని చూడలేదు. కుటుంబం మొత్తానికి తీసుకునే ఫ్లోటర్ పాలసీతో పాటు చవకైన పట్టీ ఒకటి ఇంటి ఇల్లాలి చేతికి ఇవ్వడం కంపెనీకి భారం కాదు.

రెండోది 10,000 అన్న అంకె. అది వైద్యం నుంచి రాలేదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చి స్థిరపడింది. పెద్ద వయసు ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనపడలేదు. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన పెద్ద సమీక్ష కూడా 7,000 అడుగుల దగ్గరే చాలా మేలు దక్కుతుందని చెప్పింది. అసలు కదలనివాడు కాస్త కదలడంలోనే ఎక్కువ ఫలముంది. కాబట్టి పాయింట్ల మొదటి మెట్టు 4,000 దగ్గర, ప్రధానమైన మెట్టు 7,000 దగ్గర ఉంటే నిబంధన మరింత న్యాయంగా ఉంటుంది.

మూడోది అన్నిటికంటే బరువైనది. ఇలాంటి పథకాల్లో ముందు చేరేది ఇప్పటికే నడుస్తున్నవాళ్లు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగుల వెల్‌నెస్ పథకం మీద జరిగిన ప్రయోగంలో ఇదే తేలింది: చేరినవాళ్ల వైద్య ఖర్చు చేరకముందు నుంచే తక్కువగా ఉంది. ఇందిరా పార్కులో రోజూ నడిచేవారికి తగ్గింపు ఇస్తే సంతోషమే, ఆ డబ్బుతో కొత్త అడుగు మాత్రం పుట్టదు. కొత్త అడుగు పుట్టేది స్టడీ హాలు కుర్చీలో. అందుకే గత నెలతో పోలిస్తే ఎంత పెరిగిందన్నదానికి కూడా పాయింట్లుండాలి. 2,000 నుంచి 5,000కి వచ్చినవాడు, ఎప్పుడూ 10,000 నడిచేవాడి కంటే తక్కువ గౌరవానికి తగినవాడు కాడు.

వివరాల భద్రత కూడా ఇందులో భాగమే. ఎప్పుడు లేచాడు, ఎక్కడ తిరిగాడు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది అన్నది మనిషి సొంత సంగతి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం సమ్మతి లేకుండా వాడకూడదని చెబుతోంది. అడుగుల లెక్క తగ్గింపు కోసమే తప్ప క్లెయిమ్ తిరస్కరించడానికి వాడబోమని పాలసీలోనే ఒక్క వాక్యం రాస్తే, యాప్ అంటే జంకేవాళ్లు కూడా ధైర్యంగా చేరతారు.

ఇక కంపెనీ రాయలేని నిబంధన ఒకటుంది, అది ఫుట్‌పాత్. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి ప్రారంభమైంది, బండ్లు పైనుంచి సాగిపోతున్నాయి. కింద నడిచే మనిషికీ అంత శ్రద్ధతో దారి వేయాల్సింది నగరపాలక సంస్థ. చోట్లకి మాత్రం ఇక్కడ కొదవ లేదు. నారాయణగూడలో వైఎంసీఏ ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడూ, పార్లమెంటు సభ్యుడూ అయిన డాక్టర్ జి.ఎస్. మేల్కోటే పేరిట పార్కు ఉంది. ఆయన వైద్యుడై ఉండి యోగాకి పెద్దపీట వేసినవాడు. దోమల్‌గూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, ఈ సంస్థలు, ఒక బీమా కంపెనీ కలిసి స్టడీ హాలు పిల్లలకి గ్రూపు పాలసీ, రోజుకి అరగంట మైదానం కలిపి ఇవ్వగలిగితే దేశానికి నమూనా ఇక్కడే తయారవుతుంది. రేపటి డిప్యూటీ కలెక్టర్లూ, ఆడిట్ అధికారులూ ఆ కుర్చీల్లోనే ఉన్నారు. ఉద్యోగం వచ్చేనాటికి వాళ్ల వెంట షుగరు కూడా రాకూడదు.

అందాకా పాలసీ ఉన్న ప్రతివాళ్లూ చేయగల పని ఒకటుంది. రెన్యువల్ నోటీసు వచ్చేలోపు ఏజెంటుని నాలుగు ప్రశ్నలు అడగండి: నా పాలసీలో వెల్‌నెస్ నిబంధన ఉందా? ఏ పనికి ఎన్ని పాయింట్లు? నా ఖాతాలో ఇప్పటికి ఎన్ని ఉన్నాయి? వాటిని ప్రీమియంలోకి మార్చడానికి గడువెప్పుడు? జవాబు కాగితం మీద తీసుకోండి. అడిగేవాళ్లు పెరిగితే ఆ రెండు పేజీలు వెనక నుంచి ముందుకొస్తాయి, కంపెనీలు వాటిని ఇంకా బాగా చెక్కడానికి పోటీ పడతాయి. జబ్బు పడ్డాక డబ్బిచ్చే పాలసీ మనకి ఎప్పటికీ కావాలి. జబ్బు పడకుండా నడిపించే పాలసీ కూడా మన హక్కే. నేర్పుగా రాసి మన చేతికిచ్చిన ఈ నిబంధనని వాడుకోవడం మన వంతు.